‘ఏంది’ అన్న నేరం

మా కాలేజీ విద్యార్థుల క్రమశిక్షణ నియమావళి పాత కాగితాల్లో ఎక్కడైనా మీ చేతికి దొరికితే, అందులో ‘నిర్వచనములు’ అనే మొదటి ప్రకరణం తప్పకుండా చదవండి. చదివి నవ్వుకోండి, ఏమీ అనుకోను. అది రాసింది నేనే. నవ్వడం అయిపోయాక ఈ నాలుగు పేజీలు కూడా చదవండి. ముఖ్యంగా కొత్తగా ఉద్యోగాల్లో చేరి, సర్క్యులర్లూ నిబంధనలూ రాసే పని నెత్తిన పడిన పిల్లలు చదవాలి. మనం కూర్చుని తీరిగ్గా రాసిన మాట వెళ్ళి ఎవడి మీద పడుతుందో రాసేటప్పుడు తెలియదు. తెలిశాక కూడా మనం ఏమీ చెయ్యకపోవచ్చు. నా సంగతి ఆ రెండో రకం.

అరవైలలో మాట. అప్పట్లో గుంటూరు జిల్లా అంటే ఒంగోలు దాకా ఉండేది. పత్తీ మిరపా పండే నల్లరేగడి చేల మధ్య ఒక చిన్న పట్నం, ఆ పట్నం చివర మా కాలేజీ. అది ఎందుకు పుట్టిందయ్యా అంటే, అంతకుముందు ఏడు పక్క పట్నంలో ఒకటి పుట్టింది గనక. ఒక జిన్నింగు మిల్లు యజమాని, నలుగురు మిరపకాయల వర్తకులు, ఒక ప్లీడరు పట్టుదలకు పోయి కట్టించారు. కాలేజీకి తూర్పున మిరప కళ్ళం. కోతలు మొదలై కాయ ఎండబోశారంటే ఆ ఘాటు తిన్నగా తరగతి గదుల్లోకి వచ్చేది. పాఠం చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసికట్టుగా తుమ్మేవాళ్ళు. గురుశిష్యుల మధ్య అంత ఐకమత్యం నేను మళ్ళీ ఏ కాలేజీలోనూ చూడలేదు.

నేను అక్కడ తెలుగు లెక్చరర్ని. చేరి ఏడాదిన్నర. ఇంకా పర్మనెంటు కాలేదు.

మా ప్రిన్సిపాల్ గారు గోదావరి అవతలి నుంచి వచ్చారు. బి.ఎల్. చదివి, ఒక్కరోజు కూడా కోర్టుకు వెళ్ళకుండా చదువుల్లోకి వచ్చిన మనిషి. కోర్టులో వాడాల్సిన తెలివితేటలన్నీ ఖర్చు కాకుండా ఉండిపోయాయి. వాటిని మా మీద వాడారు. అంతకుముందు ఎవరో కుర్రాణ్ణి నెలరోజులు సస్పెండు చేస్తే, వాళ్ళ నాన్న వచ్చి, "మీ ఇంగ్లీషు కాయితం మీద సంతకం పెట్టమంటే పెట్టా. దాంట్లో ఏముందో నాకేం తెలుసు?" అని వరండాలో నిలబడి కేకలేశాడు. నియమాలు తెలుగులో ఉండాలని మేనేజింగు కమిటీ అంది. ఆ పని నా మీద పడింది. ఉన్నవాటిని తెలుగు చేసి ఊరుకుంటే వారం రోజుల పని. ప్రిన్సిపాల్ గారు ఊరుకోలేదు. ప్రతి ముఖ్యమైన మాటకూ నిర్వచనం ఉండాలన్నారు.

"నిర్వచనం లేకపోతే ప్రతీవాడూ వాదిస్తాడండీ తెలుగు మాస్టారూ. గుంపంటే ఏవిటి? ఆవరణంటే ఏవిటి? మనం ముందే చెప్పేస్తే నోరెత్తడానికి ఉండదు."

రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఆయన గదికి వెళ్ళేవాణ్ణి. ఆయన ఇంగ్లీషులో చెప్పడం, నేను దాన్ని తెలుగులోకి, అందులోనూ గ్రాంథికంలోకి మార్చడం. ‘విద్యార్థి యనగా’ అన్నదానికే రెండు సాయంత్రాలు పట్టింది. ‘కళాశాల ఆవరణ యనగా’ అన్నచోట ఎదురుగా ఉన్న కాఫీ హోటలూ, దాని పక్క సైకిలు షాపూ, ఊళ్ళో ఉన్న రెండు సినిమా హాళ్ళూ ఆవరణలో కలిసిపోయాయి. ‘గుంపనగా నిర్హేతుకముగా నొకచోట నిలిచిన యైదుగురు, లేక యంతకు మించిన విద్యార్థులు.’ మా కాలేజీకి మంచినీళ్ళ కుండ ఒకటే. మధ్యాహ్నం పూట దాని దగ్గర పదిమందికి తక్కువ ఉండరు. దాహం హేతువు కిందికి వస్తుందా రాదా అని మా ఇంగ్లీషు శాఖ పెద్దాయన అడిగారు. ఆయన పొడుం పీల్చే సాధువు, ఎవరినీ ఏమీ అనరు, ఇలాంటి ప్రశ్నలు మాత్రం వేస్తూ ఉంటారు. ప్రిన్సిపాల్ గారు బాగా ఆలోచించి, "వస్తుందండీ. కానీ నీళ్ళు తాగేశాక రాదు," అన్నారు.

‘అకారణ శబ్దము’ అన్నదాని కింద ఈల వేయుట, బల్ల చరచుట, తుమ్ముట అని మూడు చెప్పారు. నేను ధైర్యం చేసి, "సార్, ఈ ఊళ్ళో తుమ్ముకు కారణం లేకపోవడమంటూ ఉండదండీ," అన్నాను. ఆయన జవాబు చెప్పబోయి తుమ్మారు. ఆ మాట కొట్టేశారు. నియమావళి మొత్తంలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

తరవాత ‘అమర్యాద’ దగ్గరికి వచ్చాం. అధ్యాపకుల ఎదుట అనకూడని మాటలకు ఒక పట్టిక ఉండాలన్నారు. "అవేవిటో మీకే తెలియాలి. మీరు ఈ దేశం వారు కదా," అన్నారు. ఆయన దృష్టిలో కృష్ణ దాటితే వేరే దేశం. నేను ఇంటికి వెళ్ళి పదకొండు మాటలతో పట్టిక రాసుకొచ్చాను. వరుస సంఖ్య ఒకటి: ఏంది.

ఎందుకు రాశానో చెబుతాను. మాది మార్టూరుకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లె. నాకు ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ‘ఏంది’ కాక వేరే మాట ఉందని పుస్తకాల్లో తెలుసు గానీ నోటికి తెలియదు. వాల్తేరుకు చదువుకోసం వెళ్ళిన మొదటిరోజు మెస్సులో ఎవరో పిలిస్తే "ఏంది?" అన్నాను. అంతే. రెండేళ్ళపాటు నా పేరు అదే అయిపోయింది. ‘ఏందిగారు భోంచేశారా’, ‘ఏందిగారికి ఉత్తరం వచ్చింది’. నవ్వినట్టు నటించి ఊరుకునేవాణ్ణి. స్నానాల గదిలో తలుపేసుకుని ‘ఏమిటి, ఏమిటి’ అని సాధన చేసేవాణ్ణి, సంగీతం నేర్చుకునేవాడిలాగా. రెండో ఏడు చివరకు పట్టుబడింది. సెలవులకు ఇంటికి వెళితే మా అమ్మ, "ఏందిరా, అట్టా చిక్కిపోయావు?" అంది. "ఏమిటమ్మా, బాగానే ఉన్నానుగా," అన్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, మరేమీ అడగకుండా లోపలికి పోయింది.

ఆ ఉక్రోషమంతా తెచ్చి పట్టికలో పెట్టాను. ఏడిపించినవాళ్ళ మీద కసి తీర్చుకునే శక్తి లేదు. మాట మీద తీర్చుకున్నాను. పైగా ‘ఇట్టి పదములతో సంబోధించుట’ అని రాస్తే సరిపోయేదానికి, బరువుగా ఉంటుందని ‘ఇట్టి పదముల నుచ్చరించుట’ అని రాశాను. ఈ ‘ఉచ్చరించుట’ను గుర్తు పెట్టుకోండి. శిక్షలు ప్రిన్సిపాల్ గారివి. మొదటిసారి లిఖితపూర్వక క్షమాపణ, రెండోసారి తండ్రికి ఉత్తరం, మూడోసారి ఆ ఏటి హాలు టికెట్టు నిలుపుదల.

జూన్‌లో పుస్తకం అచ్చయింది. పిల్లలంతా సంతకాలు పెట్టారు. పట్టిక చదివి నవ్వుకుని, దానికి వాళ్ళే విరుగుడు కనిపెట్టారు. ఆ మాట రావలసిన చోటల్లా ‘ఒకటి’ అనేవాళ్ళు. "ఒకటిరా, పొద్దున కనపళ్ళేదు?" "ఒకటి సార్, పిలిచారా?" అని వేలు కూడా ఎత్తి చూపించేవాళ్ళు. ఎనిమిది నెలలపాటు ఒక్కడూ దొరకలేదు. నియమం బ్రహ్మాండంగా పనిచేస్తోందని ప్రిన్సిపాల్ గారు మేనేజింగు కమిటీకి రాసుకున్నారు.

దొరికినవాడు ఆ ‘ఒకటి’ ఆటలు ఆడనివాడు. బి.ఎ. చివరి సంవత్సరం. చీరాల దగ్గర ఒక ఊళ్ళో మగ్గం నేసేవాళ్ళ పిల్లవాడు. రోజూ పాసింజరు బండిలో వచ్చి పోయేవాడు. అతని గొంతు పెద్దది. వాళ్ళ వీధి పొడుగునా మగ్గాలే. ఆ మోతలో మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న తండ్రికి మాట వినబడాలంటే ఎవరైనా గొంతెత్తవలసిందే. మెల్లగా మాట్లాడితే వాళ్ళ ఇంట్లో మాట్లాడనట్టు లెక్క. తుమ్ముల కాలంలో వాచకం చదివించడానికి నేను అతన్నే లేపేవాణ్ణి. ఎన్ని తుమ్ముల మీదుగానైనా ఆఖరి బల్లదాకా వినబడేది. ఆ మార్చి పరీక్ష పాసైతే చీరాల వైపు ఒక హైస్కూల్లో గుమాస్తా ఉద్యోగం సిద్ధంగా ఉంది. జూన్‌లో చేరాలి. వాళ్ళ వీధిలో మగ్గం దిగి ఉద్యోగానికి పోబోయే మొదటి మనిషి అతనే. ఆ సంగతి నాకు తెలుసు, అతనే చెప్పాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు, కళ్ళం నిండా కాయ పరిచి ఉన్న సమయం. ప్రిన్సిపాల్ గారు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని వరండాలో పోతున్నారు. దూరంగా నడుస్తున్న ఈ కుర్రాణ్ణి చూసి, రుమాల్లోంచే ఏదో అన్నారు. ఇప్పటికీ ఆయన ఏమన్నారో ఎవరికీ తెలియదు. కుర్రాడు నలభై అడుగుల దూరాన్నుంచి తిరిగి, ఇంట్లో నాన్నకు వినబడేటంత గొంతుతో, "ఏంది సార్?" అన్నాడు.

కాలేజీ అంతా విన్నది. మేడమీద ఎవరో చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు ఆ చప్పట్లను కూడా అతని ఖాతాలోనే వేశారు.

మర్నాడు విచారణ. ప్రిన్సిపాల్ గారు, ఇంగ్లీషు పెద్దాయన, రాసుకోవడానికి నేను. విచారణలో పలికిన ప్రతిమాటా పొల్లుపోకుండా రాయాలని ఆయన నియమం. కుర్రాడు ఎదురుగా నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు.

"నిన్న వరండాలో నేను పిలిస్తే నువ్వేవన్నావు?"

కుర్రాడు నిజం చెప్పేరకం. "‘ఏంది సార్’ అన్నాను సార్," అన్నాడు.

ప్రిన్సిపాల్ గారు నా వైపు తిరిగి, "రాయండి. రెండోసారి," అన్నారు.

నా కలం ఆగింది. ఇంగ్లీషు పెద్దాయన మెల్లగా, "సార్, మీరు అడిగితే కదండీ చెప్పాడు. నిన్నటి మాట అప్పజెప్పాడు, అంతే," అన్నారు.

"నిర్వచనంలో ‘ఉచ్చరించుట’ అని ఉందండీ. ఎందుకు ఉచ్చరించాడన్నది మనకి అనవసరం."

కుర్రాడికి ఇదంతా అందలేదు. నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. "రెండోసారి ఏంది సార్? నేను నిన్న ఒక్కసారేగా అంది?"

"మూడోసారి," అన్నారు ప్రిన్సిపాల్ గారు. పుస్తకం మూసేశారు.

విచారణ మొత్తం రెండు నిమిషాలు. నేరం ఒకటి చెయ్యి, మిగతా రెండూ విచారణలో మేమే చేయిస్తాం అన్నట్టుగా అయింది వ్యవహారం. నేను రాసింది రాసినట్టు చదివి వినిపించాను. అందులో ఆ మాట రెండుసార్లు నేనూ ఉచ్చరించాను. నాకేమీ కాలేదు. నేను విద్యార్థిని కాను గదా.

నాలుగోరోజుకు తండ్రి వచ్చాడు. సన్నటి మనిషి, వేళ్ళకు నీలం రంగు అంటుకుని ఉంది. ప్రిన్సిపాల్ గారు చూడనన్నారు. ఉత్తరం రాసింది ఎవరని అడిగితే ఆఫీసువాళ్ళు నన్ను చూపించారు. ఉత్తరం మడత విప్పి నాకు అందించాడు.

"ఇందులో రాసిందేందయ్యా? మా ఊరి బడిపంతులుకి చూపించా. ఆయనకీ అందలా."

నా ఉత్తరం నేనే చదివాను. ‘తమ కుమారుడు అమర్యాదాకర పదోచ్చారణమను నేరమునకు ముమ్మారు పాల్పడి యుండుటచే...’

"ఎవురినన్నా తిట్టాడా?"

"తిట్టలేదు."

"కొట్టాడా?"

"లేదు లేదు."

"మరేం చేశాడు?"

"‘ఏంది’ అన్నాడు."

"ఏందని?"

"ఆ మాటే అన్నాడు. అది ఇక్కడ అనకూడదు."

నేను ఎగతాళి చేస్తున్నానేమో అని కాబోలు, నా మొహంలోకి చూశాడు. తరవాత నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. "మరి ఏందిని ఏందనక ఏమంటారయ్యా?"

"‘ఏమిటి’ అనాలి."

"ఎవురు పెట్టారయ్యా ఈ రూలు?"

"కాలేజీ పెట్టింది," అన్నాను. ఆ ఒక్క వాక్యం చాలు, నేను ఎంత మంచి ఉద్యోగినో తెలియడానికి.

"తమరిదే ఊరయ్యా?"

"గుంటూరు," అన్నాను. ఇంకేమైనా అడిగితే చెప్పడానికి మరో అబద్ధం కూడా సిద్ధంగా ఉంది, దాంతో పని పడలేదు. ఆయన తలూపి, "వాడికి జూన్‌లో ఉద్దోగం ఉందయ్యా. ఈ పరీక్ష ఒక్కటీ రాయనిస్తే చాలు. తరవాత మీరు ఏ శిక్ష ఏసినా సరే," అని చేతులు జోడించాడు.

ఇంగ్లీషు పెద్దాయన పూనుకుని మేనేజింగు కమిటీకి అప్పీలు తానే రాసి, తండ్రి చేత సంతకం పెట్టించారు. హాలు టికెట్లు సోమవారం ఇస్తారు. కమిటీ శనివారం కూర్చుంది. తీర్మానాలు రాయడానికి నేను, ఉపాధ్యాయుల తరఫున ఇంగ్లీషు పెద్దాయన.

కమిటీ అధ్యక్షులు జిన్నింగు మిల్లు యజమాని. మిల్లు మోతలో బతికిన మనిషి కనుక ఆయనదీ పెద్ద గొంతే. కుర్చీలో కూర్చుంటూనే, "ఏంది ప్రిన్సిపాలుగారూ, పరీక్షల ముందర ఈ పంచాయితీ ఏంది?" అన్నారు. నేను మాటకు మాట రాసుకున్నాను.

"క్రమశిక్షణకు సంబంధించిన విషయవండీ. ఒక విద్యార్థి అనకూడని మాట అన్నాడండీ."

"ఆ మాట ఏంది?"

"అదేనండీ."

"అదేనంటే? అన్నదేంది అంటన్నా."

"అవునండీ. సరిగ్గా అదే అన్నాడండీ."

"అదే అంటే ఏందయ్యా?"

"చిత్తం."

అధ్యక్షులవారు ప్లీడరు వైపు తిరిగి, "ఈయనకి ఒంట్లో బాగుందా?" అని అడిగారు. ప్రిన్సిపాల్ గారు ప్రాణం పోయినా ఆ మాట ఉచ్చరించరు. నియమావళి తెరిచి, వరుస సంఖ్య ఒకటి మీద వేలు పెట్టి ఆయన ముందుకు జరిపారు. అధ్యక్షులవారు కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివారు. "ఏం... ది." అప్పుడు నెమ్మదిగా తలెత్తి, "ఏంది?" అన్నారు.

వర్తకులు నలుగురూ బల్లకేసి చూస్తున్నారు. వాళ్ళూ రోజూ పొద్దుణ్ణుంచీ ఆ మాటతోనే బేరాలాడతారు.

"పంతులూ, నేనిప్పుడు ఎన్నిసార్లన్నాను?" అని నన్నడిగారు.

రాసుకున్నది లెక్కచూశాను. "ఏడుసార్లండీ."

"అంటే రెండేళ్ళ పరీక్షలు పోయినట్టే. మూడో ఏడుకి ఒకటి అడ్వాన్సు." గదంతా గొల్లుమంది. ఆయనే ముందు నవ్వు ఆపారు. మొహం ఎర్రబడింది. "నవ్వులాటకేం గానీ, మేం కట్టిన కాలేజీలో మా మాట మోటు మాటా? కొట్టెయ్యండి దాన్ని. ఇప్పుడే కొట్టెయ్యండి."

"తమ చిత్తం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన చెవులు కూడా ఎర్రబడ్డాయి. లేచి నిలబడి నాకు ఇంగ్లీషులో తీర్మానం చెప్పారు. పట్టికలోని వరుస సంఖ్య ఒకటి తొలగించడమైనది, విత్ ఎఫెక్ట్ ఫ్రమ్ టుడే.

అధ్యక్షులవారు కండువా సర్దుకుంటూ, "కుర్రాడి సంగతి తేలిపోయినట్టేగా?" అన్నారు.

"నియమం ప్రకారం చేస్తావండీ," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆ ఇంగ్లీషు ముక్క అర్థం నాకు వెంటనే తెలిసింది. కుర్రాడి నేరం వారం కిందటిది. ఇవాళ్టి నుంచి ఆ మాట నేరం కాదు, నిన్నటిదాకా నేరమే. ఇంగ్లీషు పెద్దాయనకూ తెలిసింది. పొడుం డబ్బీ చేతిలో పట్టుకుని, మూత తియ్యకుండా నన్నే చూస్తున్నారు. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. అధ్యక్షులవారు ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టరు. తెలుగు ప్రతి మీదే సంతకం, దానిదే చెల్లుబాటు. ప్రిన్సిపాల్ గారు నా గ్రాంథికాన్ని ఏనాడూ పూర్తిగా చదివింది లేదు, అడుగున పొడి సంతకం పెట్టి పంపించేవారు. నేను ఆ చివరి ముక్క ఒక్కటి వదిలేస్తే చాలు. ‘తొలగింపబడినది’ అని చుక్క పెడితే, సోమవారం కుర్రాడికి హాలు టికెట్టు వస్తుంది. తరవాత ఎవరైనా అడిగితే తొందరలో పడిపోయిందంటే సరి. పడిపోవలసిన మాటలు లోకంలో చాలా ఉంటాయి.

కలం ఆపి ఎంతసేపు ఉన్నానో తెలియదు. ‘ఏంది పంతులూ, మిల్లుకి పోవాలి,’ అని అధ్యక్షులవారు తొందరపెట్టారు. ‘వరుస సంఖ్య ఒకటి ఇకమీదట తొలగింపబడినది,’ అని రాశాను.

ఎందుకు రాశానని ఇన్నేళ్ళుగా చాలా జవాబులు చెప్పుకున్నాను. ఏప్రిల్లో నా ఉద్యోగం పర్మనెంటు కావాలి, ఆ కాగితం ప్రిన్సిపాల్ గారి బల్లమీద ఉంది. అది సగం. మిగతా సగం చెప్పడానికి సిగ్గుగా ఉంది. అనువాదంలో మాట వదిలేసినవాడనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ఒక మనిషి ఏడాది పోయినా సరే, నా తెలుగులో లోటు ఉండకూడదు. ఇలాంటి పాండిత్యాన్ని ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

సోమవారం ప్రిన్సిపాల్ గారు తీర్మానం చూపించి హాలు టికెట్టు ఆపేశారు. అధ్యక్షులవారు అప్పటికే పత్తి బేరం మీద బొంబాయి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేసరికి పరీక్షలయిపోయాయి. "అదేంది, ఆ రోజే కొట్టేశాంగా?" అని ఆశ్చర్యపోయారట. ‘ఇకమీదట’ చూపిస్తే, "చదువుకున్నోళ్ళతో ఇదే చిక్కు," అని నవ్వి మిల్లు సంగతి చూసుకున్నారట.

ఆ సోమవారం మధ్యాహ్నం కుర్రాడు మా లెక్చరర్ల గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపల నేనొక్కణ్ణే ఉన్నాను.

"మాస్టారూ, ఆ మాట కొట్టేశారంటగా?"

"కొట్టేశారు."

"మరి?"

"ఇకమీదట," అన్నాను.

కాసేపు ఆ మాటను నోట్లోనే తిప్పుకున్నాడు. "అంటే ఇప్పుడు నేను అనొచ్చా సార్?"

"అనొచ్చు."

"ఏంది సార్ ఇది?" అన్నాడు.

అతను జవాబు కోసం ఆగలేదు. మూడున్నర పాసింజరుకు వెళ్ళిపోయాడు. జూన్‌లో ఆ హైస్కూలు వాళ్ళు గుమాస్తాగా మరొకణ్ణి వేసుకున్నారని ఇంగ్లీషు పెద్దాయన చెప్పారు. చెప్పి, ఆ తరవాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నా ఉద్యోగం ఏప్రిల్లోనే పర్మనెంటయింది. ‘నడవడి: తృప్తికరము’ అని రాశారు.

సెప్టెంబరు పరీక్షకు హాలు టికెట్లు ఇచ్చే పని నాకు పడింది. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. కుర్రాడూ తండ్రీ వచ్చారు. తండ్రి మెట్ల కింద ఆగిపోయాడు. కుర్రాడు వచ్చి నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నమస్కారమండీ. హాలు టికెట్టు కొరకు వచ్చానండీ."

ముందుకు వంగితే గానీ నాకు వినబడలేదు. టికెట్టు తీసి ఇచ్చాను. "సంతకము ఎక్కడ చేయవలెనండీ?" అని అడిగాడు. అంతా నా పుస్తకంలో భాషే. ఎక్కడా ఒక్క తప్పు లేదు. సంతకం చోటు చూపించాను.

ఇంతలో మెట్ల కింద నుంచి తండ్రి, మగ్గం మీదినుంచి కేకేసినట్టు, "ఏందిరా, ఇచ్చారా?" అన్నాడు.

కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. కలం బల్ల మీద పడేసి, గబగబా మెట్లు దిగి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "అట్టా అనబాక నాన్నా. ఇక్కడ ‘ఏమిటి’ అనాలి," అన్నాడు.

ఆ నియమం తీసేసి ఏడు నెలలయింది.

తండ్రి కొడుకు మొహం చూశాడు, తరవాత నా వైపు చూశాడు. రంగు అంటిన చేతులు రెండూ జోడించి, అక్కణ్ణుంచే, ఈసారి చాలా మెల్లగా అన్నాడు. "తప్పయిందయ్యా. చదువు లేనోణ్ణి. మనసులో పెట్టుకోబాకండి."

"ఫరవాలేదు లెండి," అన్నాను నేను. ఆయన్ని క్షమించి పంపించాను.